మెట్లకింద కూడా మనం లేము

ఇంగ్లీషువాళ్ళు తీసిన పాతకాలపు సీరియళ్ళ గురించి రాస్తానంటే మా సంఘంలో ఒకన్న నవ్వినాడు. "చుండూరు గురించి రాయాల్సిన చేత్తో దొరసానుల గౌన్ల గురించి రాస్తావా చెల్లెమ్మా?" అన్నాడు. అన్న మాటలో న్యాయం లేకపోలేదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు మనవాళ్ళ చేత కలం పట్టించినాయి. ఆ తర్వాత వచ్చిన కవితలు, కథలు, వ్యాసాలు చదివే నాలాంటివాళ్ళం నోరు తెరవడం నేర్చుకున్నాం. అయినా అన్నని ఒక మాట అడగాలని ఉంది. మనం మన గాయాల గురించి మాత్రమే రాయాలా? దొరల కథని దొరలే తీసి, దొరలే చూసి, దొరలే మెచ్చుకోవాలా? ఆ ఇండ్లు ఊడ్చినోళ్ళకి, ఆ పక్కలు దులిపినోళ్ళకి ఆ ఇండ్ల కథల మీద చెప్పేదానికేమీ ఉండదా?

ఇంగ్లండు టీవీలో ఈ రకం సీరియళ్ళకి పెద్ద వంశమే ఉంది. 1971 నుంచి 1975 దాకా 'అప్‌స్టెయిర్స్, డౌన్‌స్టెయిర్స్' అని ఒకటి వచ్చింది. సంగతంతా పేరులోనే ఉంది. మెట్ల పైన దొరలు, మెట్ల కింద పనివాళ్ళు. 1995లో బీబీసీ వాళ్ళు జేన్ ఆస్టెన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'ని ఆరు భాగాలుగా తీసినారు. 2010లో 'డౌన్‌టన్ ఆబీ' మొదలయింది. 2015 క్రిస్మస్ దాకా 52 భాగాలు నడిచింది. ఆ తర్వాత మూడు సినిమాలు కూడా తీసినారు, ఆఖరిది 2025లో వచ్చింది. యార్క్‌షైర్‌లో ఒక పెద్ద జమీందారు, ఆయన అమెరికా పెండ్లాం, ముగ్గురు కూతుళ్ళు. మొగబిడ్డ లేడు కాబట్టి ఆస్తి ఎవరికి పోవాలనేది తగువు. వాళ్ళ కింద బట్లరు, పనివాళ్ళ మీద పెత్తనం చేసే ఒకామె, వంటామె, పక్కలు సర్దే ఆడపిల్లలు, బల్ల దగ్గర వడ్డించే మగపిల్లలు, అందరికంటే అడుగున పొయ్యిలు రాజేసే పిల్ల. కథ 1912 ఏప్రిల్‌లో టైటానిక్ ఓడ మునిగిన కబురుతో మొదలై 1926 కొత్త సంవత్సరం రాత్రి ముగుస్తుంది.

ఇది బాగుంటుంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నా. బాగలేనిదాన్ని విమర్శించే ఓపిక నాకు లేదు. పొద్దన బడి, సాయంత్రం వంట, ఆ మధ్య హాజరు యాప్‌లతో కుస్తీ. మిగిలిన గంటని పాడు సీరియల్‌కి ఇవ్వను.

నేను చూస్తా ఉంటే మాయమ్మ కూడా పక్కన కూర్చుని చూసేది. ఆమెకి ఇంగ్లీషు రాదు, తెలుగు చదవడమూ రాదు. తిరుపతిలో ఒక లాడ్జిలో ఇరవై రెండేండ్లు గదులు ఊడ్చింది. కొండకి పోయే యాత్రికులు దిగే లాడ్జి. ఒకరు గుండు కొట్టించుకుని, దర్శనం చేసుకుని, లడ్లు తీసుకుని గది ఖాళీ చేసి పోతారు. ఇంకొకరు సామాన్లతో కింద నిలబడి ఉంటారు. ఈ రెండిటి నడుమ ఉండే టైములో దుప్పటి మార్చాల, దిండుగలీబు మార్చాల, బాత్‌రూము కడగాల, మంచం కింద పడిన పూలు, అరటితొక్కలు ఏరాల. గుండుకి పూసుకున్న గంధం దిండుగలీబుకి అంటుకుంటుంది. ఆ పసుపు మరక సోడా వేసి ఉడకబెట్టినా పోదు. పోలేదని జీతంలో పట్టుకునేవాళ్ళు. దేవుడి పేరు చెప్పి వచ్చిన మరకకి మాయమ్మ జీతం తెగేది.

ఆమె డౌన్‌టన్ ఆబీని మాటల్లో చూడలేదు, చేతుల్లో చూసింది. ఇద్దరు ఆడపిల్లలు మంచానికి అటొకరు ఇటొకరు నిలబడి దుప్పటి పరుస్తా ఉంటే ముందుకు వంగి చూసింది. "ఒగ మంచానికి ఇద్దరా? మాకు పది రూములకి ఒగరే కదమ్మే" అనింది. కాసేపాగి, "మూల మడిచేది మాత్రం సరిగ్గా ఉండాది. పని తెలిసినోళ్ళు ఎవరో నేర్పించినారు" అనింది. నిజమే, ఆ సీరియల్‌కి అలస్టేర్ బ్రూస్ అని ఒక చరిత్ర సలహాదారుణ్ణి పెట్టుకున్నారు. ఎవరు ఎక్కడ నిలబడాల, చేతులు ఎట్ల పెట్టుకోవాల అని చెప్పడమే ఆయన పని. పేపరుకి ఇస్త్రీ చేసే చోట మాయమ్మ పడి పడి నవ్వింది. సిరా దొర చేతికి అంటకుండా ఉండేదానికి అని చెప్తే, "చేతులు కడుక్కోడా ఆయప్ప?" అనింది.

ఆ తర్వాత ఆమె అడిగిన ప్రశ్నకి ఆ సలహాదారు దగ్గర జవాబు ఉంటుందేమో గాని సీరియల్లో లేదు. "మే, ఇంత మంది ఉండారు, ఇన్ని రూములుండాయి. ఈళ్ళు దొడ్డికి యాడ పోతారు? అది ఎవురు ఎత్తేది?"

నాకు తెలిసి ఏ విమర్శకుడూ ఈ ప్రశ్న వేయలేదు. ఆ కాలపు పెద్ద ఇండ్లలో మంచం కింద పింగాణీ కుండ పెట్టుకునేవాళ్ళు. పొద్దన్నే వాటిని పక్కలు సర్దే ఆడపిల్లలే తీసుకపోయి పారబోసి కడిగి పెట్టేవాళ్ళు. వెండి సామాను తుడవడం చూపిస్తారు, పొయ్యి రాజెయ్యడం చూపిస్తారు, బూట్లకి పాలిష్ పెట్టడం చూపిస్తారు. నేను చూసినంతలో ఆ కుండ ఒక్కసారి కూడా కనపడలేదు. కంపుకొట్టే పని తీసేస్తే మిగిలిన పనంతా అందంగానే ఉంటుంది. ఈ పీరియడ్ డ్రామా అందమంతా ఆ తీసేయడంలో ఉంది. రాగి గిన్నెలు మెరుస్తాయి, కిటికీలోంచి ఎండ పడుతుంది, పనిపిల్ల బుగ్గలు ఎర్రగా ఉంటాయి. చేతులకి పుండ్లు ఉండవు.

కానీ ఆ కుండ దగ్గరే నాకు మన సంగతి కూడా తట్టింది. ఆ కుండ ఎత్తిన పిల్ల చేతులు కడుక్కుని కిందికి దిగి, బట్లరుతో ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటుంది. ఆ పని చేసిందని ఆమెకి ఒక కులం పుట్టలేదు. ఆమె బిడ్డ కూడా అదే కుండ ఎత్తాలని శాస్త్రం లేదు. ఈ దేశంలో పాకీపనికి ఒక కులాన్నే కేటాయించి, ఆ కులాన్ని ఊరికి అవతల పెట్టి, దాన్ని ఆపమని చెప్పేదానికి 1993లో ఒక చట్టం, అది సాలక 2013లో ఇంకొక చట్టం చేయాల్సి వచ్చింది. ఇప్పటికీ మ్యాన్‌హోళ్ళలో దిగి చచ్చిపోయేవాళ్ళ పేర్లు చూడండి, ఎవరో తెలుస్తుంది.

పనివాళ్ళ భోజనాల బల్ల ఆ సీరియల్లో చాలాసేపు కనపడుతుంది. అక్కడ తగువులున్నాయి, ఎకసెక్కాలున్నాయి, ప్రేమలున్నాయి, చాడీలున్నాయి. దాంట్లో కూడా పైకిందులున్నాయి, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలనేది హోదాని బట్టే. అయినా అది బల్ల. కుర్చీలున్నాయి. దొర ఇంట్లోనే, దొర పైకప్పు కిందే ఉంది. దొరకి చొక్కా గుండీలు పెట్టేది పనివాడే. దొరసాని జుట్టు దువ్వేది పనిమనిషే. చెయ్యి తగిలిందని ఎవరూ తలకి నీళ్ళు పోసుకోలేదు.

మా నాయన చిన్నప్పుడు ఊర్లో ఒక పెద్ద రైతు దగ్గర జీతం ఉండె. ఏడాదికింత అని మాట్లాడుకునే జీతం, అది మా అబ్బ తీసుకున్న అప్పు కిందికే జమయ్యేది. ఆ ఇంటి తలవాకిలి దాటి లోపల ఏముందో మా నాయన చచ్చేదాకా చూడలేదు. సంగటి ముద్ద పైనుంచి వేసేవాళ్ళు, నీళ్ళు దోసిట్లోకి పోసేవాళ్ళు. ఆయన సత్తుగిన్నె ఎనుముల కొట్టం చూరులో చెక్కి ఉండేది. ఎనుము ఈనితే దూడని లోపలికి తీసుకపోయి కట్టేసేవాళ్ళు, మంచు పడుతుందని. మా నాయనకి కొట్టమే. కాబట్టి మెట్ల పైన, మెట్ల కింద అనే ఈ లెక్క నాకు వేరేగా కనపడుతుంది. మెట్లకింద ఉండాలన్నా ముందు ఇంట్లోకి రానియ్యాల కదా.

అంబేడ్కర్ 1920 జనవరిలో 'మూక్‌నాయక్' పత్రిక మొదలుపెట్టినప్పుడు మొదటి సంచికలోనే హిందూ సమాజాన్ని మెట్లు లేని అంతస్తుల మేడతో పోల్చినాడు. ఏ అంతస్తులో పుట్టినోడు ఆ అంతస్తులోనే చావాలని. అదే 1920లో డౌన్‌టన్ కథలో పెద్ద కూతురి పెండ్లి జరుగుతుంది. అదే ఏడు అంబేడ్కర్ ఆగిపోయిన చదువు పూర్తి చేసుకునేదానికి రెండోసారి లండన్ పోయినాడు. బోర్డింగు ఇంట్లో అర్ధాకలితో ఉండి, బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీలో పొద్దు కుంకేదాకా చదివినాడు. ఆ కథ జరిగిన దేశంలోనే, ఆ కథ జరిగిన కాలంలోనే మన మనిషి ఉన్నాడు. టీవీ వాళ్ళ కెమెరా అటు తిరగలేదు.

మెట్ల మాట వచ్చింది కాబట్టి మా ఊరి మెట్ల సంగతి కూడా చెప్పాల. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు. ఎక్కేముందు పాదాల మండపం దగ్గర బోర్లా పడుకుని దండం పెట్టే రాతిబొమ్మ ఒకటుంది, మాలదాసరి అంటారు. యాత్రికులు వాళ్ళ పిల్లలకి చూపించి భక్తి అంటే అట్ల ఉండాలని చెప్తారు. మావాళ్ళు చూసేది ఇంకోరకంగా. ఆయన కొండ కిందనే ఎందుకు పడుకున్నాడు, పైకి ఎందుకు పోలేదు అని అడుగుతారు. శ్రీవారికి తోలు చెప్పులు కుట్టి ఆ మండపంలో పెట్టే ఆనవాయితీ మా మాదిగలది. చెప్పులు కొండెక్కవచ్చు, కుట్టినోడు ఎక్కకూడదు. గుడి తలుపులు మనకి చట్టప్రకారం తెరుచుకున్నది 1947లో, మద్రాసు దేవాలయ ప్రవేశ చట్టంతో. మెట్లున్న కొండ కింద పుట్టి కూడా మెట్లు లేని మేడలో బతికినాం.

డౌన్‌టన్‌లో గ్వెన్ అని ఒక పనిపిల్ల ఉంది. మొదటి సిరీస్‌లో కనపడుతుంది. జీతం డబ్బులు కూడబెట్టి టైపు మిషను కొనుక్కుని, గదిలో దాచిపెట్టుకుని, పోస్టులో పాఠాలు తెప్పించుకుని నేర్చుకుంటుంది. అది బయటపడినప్పుడు ఇంటి పనివాళ్ళే ముందు ఆశ్చర్యపోతారు. 'పనిమనిషిగా ఉండడానికి నీకేం తక్కువైంది' అన్నట్టు చూస్తారు. కడాకి ఆమె టెలిఫోను కంపెనీలో సెక్రటరీగా పోతుంది. 52 భాగాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ పిల్ల కథ. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేను. పుస్తకాలు దాచుకోవాల్సిన అవసరం నాకు రాలేదు గాని, 'చదివి ఏం చేస్తుంది' అనే చూపు బాగా తెలుసు. ఆ చూపు పైనుంచే రాదు, పక్కనుంచి కూడా వస్తుంది. రచయిత దాన్ని సరిగ్గా పట్టుకున్నాడు. అయితే ఆ పిల్లకి ఉద్యోగం ఎట్ల వస్తుందో చూడండి. దొర కూతురు సిబిల్ అమ్మగారు సాయం చేయబట్టి వస్తుంది. ఒక పనిపిల్ల సొంతంగా గెలిచినా ఆ గెలుపులో దొరసాని చెయ్యి లేకపోతే ఈ రకం కథకి నిద్ర పట్టదు. నాకు ఉద్యోగం ఏ అమ్మగారి సిఫారసుతోనూ రాలేదు. డీఎస్సీ రాసి, రిజర్వేషన్‌తో వచ్చింది. రిజర్వేషన్ దయ కాదు కాబట్టే దాన్ని అంతగా తిడతారు.

ఆ సిబిలే కారు డ్రైవరు బ్రాన్సన్‌ని పెండ్లి చేసుకుంటుంది. ఐర్లండువాడు, దొరలంటే పడనివాడు. తండ్రి అరుస్తాడు, బెదిరిస్తాడు, డబ్బు ఆశ చూపుతాడు. అంతే. ఆమె కాన్పులో చనిపోయినాక కూడా ఆ డ్రైవరు ఆ ఇంట్లోనే అల్లుడిగా ఉంటాడు. పైగా ఎస్టేటు చూసుకునే పని కూడా అతనికే ఇస్తారు. ఇది చూసి చాలామంది ఇది నమ్మశక్యంగా లేదు, రచయిత దొరల్ని మరీ మంచోళ్ళని చేసినాడు అంటారు. అయ్యుండచ్చు. నాకు ఆ భాగాలు చూసేటప్పుడు భయమేసింది. ఈ పిల్లోణ్ణి ఎప్పుడు నరుకుతారా అని చూస్తా కూర్చున్నా. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, ఆస్పత్రి నుంచి బయటికొస్తున్న దళిత యువకుణ్ణి, గర్భంతో ఉన్న భార్య పక్కన ఉండగానే నరికి చంపినారు. చంపించింది అమ్మాయి తండ్రే. వర్గం వేరు, కులం వేరు అని పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివినా, సోఫాలో కూర్చుని ఒక ఐర్లండు డ్రైవరు కోసం భయపడినప్పుడు అర్థమైనంత బాగా అర్థం కాలేదు.

ఈ సీరియల్ రాసిన జూలియన్ ఫెలోస్ 2011 నుంచి ఇంగ్లండు ప్రభువుల సభలో కన్సర్వేటివ్ పార్టీ సభ్యుడు. ఆ సంగతి తెలిస్తే బట్లరు కార్సన్ ఎందుకంత గొప్ప పాత్రో తెలుస్తుంది. దొరకంటే కార్సన్‌కే ఆ ఇంటి మర్యాద మీద పట్టుదల ఎక్కువ. దొర కొత్తపద్ధతికి ఒప్పుకున్నా కార్సన్ ఒప్పుకోడు. చూసేవాళ్ళు ఆయన్ని చూసి మురిసిపోతారు. మనకీ ఒక కార్సన్ ఉన్నాడు, కట్టప్ప. 2015లో 'బాహుబలి' వచ్చినప్పుడు రెండేండ్లు దేశమంతా కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపినాడని అడిగింది. కట్టప్ప వంశమంతా సింహాసనానికి బానిసలుగా ఎందుకుండాల అని అడిగినోళ్ళు ఎంతమంది? మా బడిలో పిల్లలు కట్టప్ప మాదిరి మోకాళ్ళ మీద కూర్చుని ఆడుకునేవాళ్ళు. రాజు వేషానికి ఎవరు, కట్టప్ప వేషానికి ఎవరు అనేది ఎవరూ చెప్పకుండానే తేలిపోయేది. అది చూసిన పూట నాకు అన్నం సయించలేదు.

ఫెలోస్‌కి ఒక న్యాయం చేయాల. కార్సన్‌తో పాటు థామస్‌ని కూడా రాసినాడు. ఆ పనివాడు దొంగ, కుట్రదారుడు, దొరల్ని లోపల్లోపల అసహ్యించుకుంటాడు. ఎవరికీ చెప్పుకోలేని ఒంటరితనం అతనిది. మన తెలుగు సినిమాలో, సీరియల్లో పనివాడికి అసహ్యించుకునే హక్కు ఉందా? నవ్వించాల, లేదంటే అయ్యగారి కోసం చావాల. 1938లో 'మాలపిల్ల' తీసినప్పటినుంచి మన మీద జాలి చూపించిన సినిమాలున్నాయి. మనలో ఒకడు చెడ్డవాడిగా, తెలివైనవాడిగా, అర్థమయ్యేవాడిగా ఉన్నది ఎక్కడుంది?

హాస్యం సంగతి వేరే. ఇంగ్లీషువాళ్ళ హాస్యం నాకు చిన్నప్పుడు పోగో ఛానెల్లో మిస్టర్ బీన్‌తో వచ్చింది. దానికి భాష అక్కర్లేదు కాబట్టి వాడంతా కూర్చుని నవ్వినాం. పెద్దయినాక చూసినవాటిల్లో ఒకటి నన్ను నవ్వనిచ్చింది, ఒకటి నవ్వనియ్యలేదు.

నవ్వనిచ్చింది 'కీపింగ్ అప్ అపియరెన్సెస్'. బీబీసీలో 1990 నుంచి 1995 దాకా వచ్చింది. హయసింత్ అనే ఆమె ఇంటిపేరు బకెట్. ఆమె మాత్రం అది 'బుకే' అని పలకాలని ఫోనెత్తిన ప్రతిసారీ సరిదిద్దుతుంది. పూలగుత్తి అన్నమాట. ఆమె అక్కచెల్లెళ్ళు పేదోళ్ళు. బావ బనీను వేసుకుని రోజంతా టీవీ ముందు పడి ఉంటాడు. వాళ్ళెక్కడ వచ్చి తన పరువు తీస్తారోనని ఆమె హడలిపోతా ఉంటుంది. ఇది చూస్తే తిరుపతిలో బాడుగిండ్లు గుర్తొస్తాయి. ఇల్లు చూపిస్తారు, బాడుగ చెప్తారు, మునిసిపాలిటీ నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్తారు. ఆఖర్లో నిదానంగా "మీరు ఏమోళ్ళు?" అంటారు. దానికి ముందు ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరు మార్చి చెప్పినవాళ్ళు, పటం మార్చి గోడకి తగిలించినవాళ్ళు, ఊరినుంచి అమ్మానాయన వస్తే చీకటి పడినాక రమ్మన్నవాళ్ళు మనలో ఉన్నారు. వాళ్ళని తప్పు పట్టేదానికి నాకు మనసు రాదు. హయసింత్ దొరికిపోతే వీధి నవ్వుతుంది. మనవాళ్ళు దొరికిపోతే సామాను వీధిలో పడుతుంది. ఆ తేడా తెలిసి కూడా నవ్వొస్తుంది నాకు. ఎందుకంటే ఆ సీరియల్ ఎగతాళి చేసేది బనీను బావని కాదు, బుకే అమ్మనే. పేద అక్కచెల్లెళ్ళు సుఖంగా, సిగ్గులేకుండా ఉంటారు. అటువంటి హాస్యం మన తెలుగులో ఇంకా రాలేదు.

నవ్వనియ్యనిది 'మైండ్ యువర్ లాంగ్వేజ్'. 1977 నుంచి 1979 దాకా వచ్చింది. లండన్ రాత్రిబడిలో పరాయిదేశాల వాళ్ళకి ఇంగ్లీషు నేర్పే పంతులు కథ. పంజాబీ సిక్కు, పాకిస్తానీ, చీరలో అల్లిక అల్లుకునే భారతీయురాలు, ఇటలీవాడు, చైనా పిల్ల. ప్రతి వారం అదే సరుకు. వాళ్ళు తప్పు మాట్లాడుతారు, జనం నవ్వుతారు. జాతుల్ని వెక్కిరిస్తా ఉందని ఆ టీవీ కంపెనీ పెద్దే దాన్ని ఆపేసినాడు. మన దేశంలో మాత్రం ఇంకా పడి పడి చూస్తారు. దాన్ని పట్టుకుని 1993లో దూరదర్శన్‌లో 'జబాన్ సంభాల్‌కే' అని హిందీలో తీసినారు. అందులో వెక్కిరింపు దక్షిణాదివాళ్ళ హిందీ మీదికి కూడా మళ్ళింది. మనల్ని వెక్కిరించిన పద్ధతినే తీసుకుని మనకంటే కిందివాణ్ణి వెతుక్కోవడం అంటే ఇదే. నేను టీచరుని. 'ఇస్కూలు' అన్నందుకు డిగ్రీ కాలేజీలో ఒక లెక్చరరు నా చేత క్లాసంతా వినేటట్టు పదిసార్లు చెప్పించినాడు. ఇప్పుడు మా బడిలో ఇంగ్లీషు మీడియం. మా పిల్లలూ 'ఇస్కూలు' అంటారు. ఆ తప్పులో హాస్యం నాకు కనపడదు. తెలుగు సినిమా మా చిత్తూరు యాసని, కడప యాసని ఫ్యాక్షనిస్టు నోట్లోనో, జోకరు నోట్లోనో పెట్టి డబ్బు చేసుకున్న తీరు కూడా దీని తమ్ముడే.

ఇంక డబ్బు సంగతి. అంత పెద్ద కోటలు, అన్ని దీపాలు, పదిమంది తినేదానికి ముప్పైమంది చాకిరి. దీనికి డబ్బు ఎక్కడిది? సీరియల్ చెప్పేది పొలాల కౌలు, అమెరికా భార్య తెచ్చిన కట్నం. ఇండియా మాట ఎప్పుడన్నా వస్తే చుట్టం ఒకాయన బొంబాయికి ఉద్యోగానికి పోయినట్టు వస్తుంది. ఇంగ్లండులో ఇట్లాంటి పాత ఇండ్లని చూసుకునే నేషనల్ ట్రస్ట్ 2020లో ఒక నివేదిక ఇచ్చింది. వాళ్ళ చేతిలో ఉన్నవాటిల్లో 93 చోట్లకి బానిసల వ్యాపారంతోనో, వలస పాలనతోనో సంబంధం ఉందని రాసినారు. రాసినందుకు వాళ్ళని అక్కడి పెద్దమనుషులు తిట్టిపోసినారు.

మనకి బాగా దగ్గరగా ఉన్న దొర ఒకడున్నాడు. డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం అండ్ చాందోస్. ఈయన తండ్రి అప్పుల్లో మునిగిపోయి, 1848లో వాళ్ళ స్టో కోటలోని సామాన్లని నలభై రోజులు వేలం వేసినారు. పీరియడ్ డ్రామాకి సరిపోయే కథే. జమైకాలో బానిసల చేత పని చేయించిన చెరకుతోట కూడా ఆ కుటుంబానికి ఉండేది. 1833లో బానిసత్వం రద్దు చట్టం చేసినప్పుడు ఇంగ్లండు ప్రభుత్వం రెండు కోట్ల పౌన్లు నష్టపరిహారం ఇచ్చింది, బానిసలకి కాదు, యజమానులకి. ఈ డ్యూక్ 1875 నుంచి 1880 దాకా మద్రాసు గవర్నరు. అంటే 1876-78 కరువులో మనకి దొర ఆయనే. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు, అది 1911లో ఏర్పడింది. మన తాలూకాలు ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల్లో ఉండేవి. కరువు పనుల్లో రోజంతా రాళ్ళు మోసే మగమనిషికి సర్ రిచర్డ్ టెంపుల్ పెట్టిన కొలత పౌను గింజలు, అంటే 450 గ్రాములు, దాని మీద కొంచెం చిల్లర. మనుషులు పిట్టల్లా రాలిపోతా ఉండగా 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియాని చక్రవర్తినిగా చాటించినాడు. ఆ కరువులో దక్షిణాదిలో చచ్చిపోయినోళ్ళు యాభై లక్షలకి పైనే అని అంచనా. మద్రాసులో కూవం, అడయారు నదుల్ని కలిపే కాలువ ముక్కని ఆ కరువు కూలీల చేతనే తవ్వించి, కాలువకి డ్యూక్ పేరు పెట్టినారు. ఇప్పుడు మా తిరుపతి జిల్లాలో ఉన్న సూళ్ళూరుపేట వైపు పులికాట్ చెరువులోంచి పోయేది ఆ బకింగ్‌హాం కాలువే. తవ్వినోళ్ళ పేర్లు ఏ రాతి మీదా లేవు. విక్టోరియా రాణి మీద కూడా ఇంగ్లీషువాళ్ళు 2016 నుంచి 2019 దాకా మంచి సీరియల్ తీసినారు. అది 1850ల మొదట్లోనే ఆగిపోయింది.

ఇట్లా రాస్తే ఇంకో అన్న లేస్తాడు. 'తెల్లోడు ఉండబట్టే కదా నీకు బడి వచ్చింది, పట్టాల వాళ్ళు గుడిసెల్లో దీపం పెట్టింది మిషనరీలే కదా' అంటాడు. మా ఊర్లో ముసలోళ్ళు కూడా దొర ఉండింటే బాగుండు అనేవాళ్ళు. వాళ్ళకి కారణాలున్నాయి. మనువు మూసిన బడి తలుపు మిషను బడి తెరిచింది, దాన్ని నేను కాదనను. కానీ బడి పెట్టినోడికి, గింజలు తూచినోడికి తేడా ఉంది, అది చూడకపోతే ఎట్లా? ఇటువైపు దొర కావాలా, అటువైపు దొర కావాలా అని అడిగేవాళ్ళకి రాజమండ్రి కుసుమ ధర్మన్న 1921లోనే జవాబు చెప్పినాడు. ఊరంతా 'మాకొద్దీ తెల్ల దొరతనము' అని పాడుకుంటా ఉంటే, ఆయన 'మాకొద్దీ నల్ల దొరతనము' అని రాసినాడు.

నాకు చూడాలని ఉన్న పీరియడ్ డ్రామా అక్కడుంది. కాలం అదే, 1912 నుంచి 1926. యార్క్‌షైర్ కోటని ఆస్పత్రిగా మార్చి గాయపడిన సిపాయిల్ని పడుకోబెట్టిన 1917లోనే, హైదరాబాదులో మనపిల్లలకి బడులు పెట్టిన భాగ్యరెడ్డి వర్మ బెజవాడకి వచ్చినాడు. పంచముల మహాసభ అని పిలిచిన సభ, మేం పంచములం కాదు, ఈ నేల మొదటి మనుషులం, ఆదిఆంధ్రులం అని పేరు మార్చుకుంది. సభకి వచ్చినోళ్ళు గుళ్ళోకి వస్తారేమోనని కనకదుర్గ గుడి తలుపులు మూసేసినారని ఆ ఉద్యమ చరిత్రల్లో ఉంది. రైలు దిగిన మనుషులు, బాడుగకి దొరకని గదులు, మూసిన తలుపులు, రాత్రంతా తీర్మానం మీద వాదన, వాళ్ళకి ఎవరు వండినారు, ఏం వండినారు, ఆకులు ఎవరు ఎత్తినారు. కాగితాలు ఉన్నంత వరకు వెతికి, లేనిచోట మన ముసలోళ్ళని అడిగి రాయచ్చు. పక్కలు ఎట్ల పరిచినారో, దొడ్డి సంగతేందో చెప్పేదానికి మాయమ్మని సలహాదారుగా పెట్టుకోవచ్చు. ఆమె అడిగిన జీతం ఇవ్వాల, గంధం మరకలకి పట్టుకోకూడదు.